రింగుల కాలు మోపిన రోజు

2016లో నన్ను పాలమూరు వైపు ఒక సర్కారు దవాఖానలో సీనియర్ ఫిజియోథెరపిస్టుగా వేశారు. డాక్టర్లు ఎముక సరిచేసి వెళ్లిపోతారు. ఆ తర్వాత రోగిని లేపి నడిపించి, అతని చేత తిట్లు తినే పని మాది.

అక్కడికి ఆత్మకూరు నుంచి కిష్టయ్య అనే గొర్రెల కాపరి వచ్చాడు. మందను రోడ్డు దాటిస్తుంటే లారీ తగిలి మోకాలి కింద ఎముక ముక్కలైంది. డాక్టరు గారు రింగుల ఫ్రేము వేశారు. కాలి చుట్టూ ఇనుప రింగులు, వాటికి బిగించి ఎముకలోంచి దూర్చిన సన్నని తీగలు. చూస్తే భయం వేస్తుంది గానీ ఆ కాలు మోపి నడవాలి. అడుగు వేసినప్పుడల్లా పడే కొద్దిపాటి ఒత్తిడే ఎముకను అతుక్కునేలా చేస్తుంది.

కొన్ని నెలలకు తీసిన ఎక్స్‌రేలో అతుకు జాడ లేదు. ఇలాగే ఉంటే తుంటి ఎముక కొంత తీసి అక్కడ పెట్టాలని, అదీ పట్టకపోతే కాలు దక్కడం కష్టమని డాక్టరు గారు నాతో అన్నారు. కిష్టయ్యను అడిగితే రోజూ నడుస్తున్నానన్నాడు. నేను అరికాలు పట్టి చూశాను. మంద వెంట ఊళ్లు తిరిగిన మనిషి పాదం పసిపిల్లవాడి పాదంలా మెత్తబడింది. అబద్ధమెందుకు చెప్పావని కాస్త గట్టిగానే అడిగాను.

అతను తల దించుకున్నాడు. జవాబు అతని భార్య సాయమ్మ చెప్పింది.

"ఆయన తప్పేం లేదు సారు. నేనే మంచం దిగనియ్యలే. గొర్రెకు కాలిరిగితే బద్దలు గట్టి కొట్టంల కట్టేస్తం. మేత, నీళ్లు మూతికాడికే తెచ్చి పెడ్తం. గట్లనే జూసుకున్న."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. అంత ప్రాణంగా చూసుకున్న మనిషిని ఏమని తిట్టను? గొర్రెకు ఆమె చేసేది సరైనదేనని, బద్దల కట్టు బరువు ఓర్వదని, ఈ రింగులు ఓర్చుకుంటాయని, మనిషి బరువే దీనికి మందని నెమ్మదిగా చెప్పాను. ఆమెను వరండా చివర నిలబెట్టి, ఏమైనా సరే ఎదురు రావద్దన్నాను.

కిష్టయ్య చంకకర్రల మీద లేచాడు. నేను పక్కనే చేతులు చాచి నడిచాను. రింగుల కాలు మోపగానే అతను పళ్లు బిగబట్టాడు. చూడలేక సాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగిపోయింది. సగం దూరం వచ్చాక అతను ఆగాడు.

"గిటు జూడు. నడుస్తున్న."

ఆమె తిరిగింది. అతను మిగిలిన దూరం నడిచి ఆమె భుజం పట్టుకున్నాడు. ఆమె ఏడ్చేసింది.

ఎముక ఆలస్యంగానైనా అతుక్కుంది. రెండో ఆపరేషన్ అవసరం పడలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, రింగులు వేసిన ప్రతి రోగి కంటే ముందు ఇంట్లో ఆ రోగిని చూసుకునే మనిషిని పిలిచి మాట్లాడాను. రోగి నడవకపోతే నొప్పో భయమో కారణమని మా చదువు చెప్పింది. ప్రేమ కూడా కారణం కావచ్చని సాయమ్మను చూశాకే తెలిసింది.