రిబ్బను కత్తెర

పరమవీర చక్ర పొందినవారి ఫొటోలతో మా బడి గోడకు ఫ్లెక్సీ కట్టించే పని హెడ్‌మాస్టరు నాకు అప్పగించారు. మా ఆదోనిలో ఫ్లెక్సీ అంటే కట్టించినవాళ్ల ముఖాలు బండి చక్రాలంత, అసలువాళ్లవి తపాలా బిళ్లలంత ఉంటాయి. నేను ఆ తప్పు చేయలేదు. ఇంకోటి చేశాను.

మా చుట్టుపక్కల ఊళ్లలో ఆ పతకం వచ్చినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. అది నాకు చిన్నతనంగా తోచింది. హాలహర్విలో ఉండే మా మేనమామ సైన్యంలో పనిచేసి వచ్చినవాడే కదా అని, ఆయన యూనిఫాం ఫొటో వరస చివర చేర్చి, కింద ‘మన ప్రాంత వీరుడు’ అని వేయించాను. రిబ్బను కత్తిరించడానికి ఆయన్నే పిలిచాను. ఫొటో సంగతి మాత్రం అత్తకు ఒక్కదానికే చెప్పాను. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. మామకు తప్ప ఊరందరికీ చెప్పి, పట్టుచీర కట్టుకుని, ఇరుగుపొరుగు ఆడవాళ్లను రెండు ఆటోల నిండా ఎక్కించుకుని దిగింది.

మామ రిబ్బను ముందు నిలబడి, ఒక్కో ఫొటో కింద రాసింది నిదానంగా చదువుతూ పోయాడు. చివరిదాని దగ్గర ఆగాడు.

“ఎవురు పెట్టినారప్పా నన్ను ఈడ?”

“నేనే మామా,” అన్నాను, మెచ్చుకుంటాడనుకుని.

పళ్లెంలోని కత్తెర అందుకున్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఆయన రిబ్బను కిందినుంచి దూరి, ఫ్లెక్సీలో తన ముఖం చుట్టూ కత్తిరించడం మొదలుపెట్టాడు. వెనకవాళ్లకు కనపడక చప్పట్లు ఆపలేదు. హెడ్‌మాస్టరు నావైపు చూసిన చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

మామ ఆ ముక్క పట్టుకుని మైకు దగ్గరికి వచ్చాడు.

“నేను సైన్యంలో వంటోణ్ని. ఇట్లాటోళ్లకు పొద్దున చపాతీలు పెట్టి పంపిస్తాంటి. కొందరు రాత్రికి తినను రాలేదు. వాళ్ల వరసలో నేనెట్ల నిలబడేది?”

నాకు తల ఎత్తలేనంత సిగ్గేసింది. అత్త వైపు చూస్తే సిగ్గు పోయి భయం పట్టుకుంది. తన మొగుడు సరిహద్దులో తుపాకి పట్టినాడని ఆ ఆడవాళ్లకు ఇన్నేళ్లుగా చెప్పుకున్న మనిషి ఆమె. వాళ్లందరూ ఇప్పుడు ఆమె మొహమే చూస్తున్నారు.

అత్త లేచింది. నేరుగా మామ దగ్గరికి పోయి చెయ్యి చాచింది.

“ఆ ముక్క ఇట్ల ఇయ్యి. మన ఇంటి గోడకు వరస లేదులే.”

మామ ఇచ్చేసి, వెనక్కి వెళ్లి రిబ్బను కత్తిరించాడు. ఈసారి మొదట చప్పట్లు కొట్టింది అత్తే.