ప్యాకింగ్ షెడ్డు పిల్లి

2005 ఎండాకాలం. అప్పటికి పటేల్‌గూడ దగ్గర ఒక డాక్టర్ సార్ నడిపే చిన్న జంతువుల క్లినిక్‌లో కాంపౌండర్‌గ నాకు తొమ్మిదేండ్లు నిండినయి. మాకు వచ్చే కేసులల్ల ఎక్కువ బర్లు, మేకలు, ఫ్యాక్టరీల కాపలా కుక్కలు. పిల్లులను తెచ్చుడు మొదలుపెట్టింది ఎస్తేరు టీచర్. కిష్టారెడ్డిపేటల ఉంటది, బడిల లెక్కలు చెప్తది. సెలవు దినాలల్ల ఇంకో ఇద్దరితోని కలిసి, ఎవరివీ కాని పిల్లులను పట్టి, ఆపరేషన్ చేయించి, పట్టిన జాగలనే మళ్ళ ఇడిసిపెడ్తది.

పట్టేది ట్రాప్‌తోని. అదొక ఇనుప జాలి పెట్టె. లోపల ఎండుచేపలు పెడ్తరు, పిల్లి పలక తొక్కంగనే వెనక తలుపు పడ్తది. ఆడపిల్లికి చేసే ఆపరేషన్‌ను స్పే అంటరు, ఇగ పిల్లలు కాకుంట లోపలి సంచి తీసేసుడు. మత్తుల ఉన్నప్పుడే ఎడమ చెవి కొన జెరంత కత్తిరిస్తం. దాన్ని ఇయర్ టిప్ అంటం. అట్లయితే అదే పిల్లిని రెండోసారి పట్టే పని ఉండది.

ఆ ఏడు ఒక యంత్రాల ఫ్యాక్టరీ క్యాంటీన్‌ల పిల్లులు బాగ పెరిగినయి. సంచులల్ల కట్టి దూరం పారేయిస్తమని మేనేజరు అన్నడట. టీచర్ పోయి బతిమిలాడి పది రోజుల గడువు తీసుకున్నది. తొమ్మిది రోజులల్ల పదకొండు పిల్లుల ఆపరేషన్లు అయిపోయినయి. ఒక్కటే మిగిలింది. బూడిద రంగుది, జిత్తులమారిది. పలక తొక్కకుంట చేప గుంజుకపోయేది. ఆఖరి రోజు పొద్దుగాల అది కూడ చిక్కింది.

తెచ్చేసరికి జాలి మీదికి ఎగురుతున్నది, ఉస్సుమంటున్నది. చెయ్యి పెట్టనిస్తలేదు. నేను జాలిలకెళ్ళే మత్తు సూది ఇచ్చిన. అది పడుకున్నంక ఎల్లకిల తిప్పి వెంట్రుకలు తీస్తుంటే నా వేలు తడిసింది. పాలు.

సూదికి ముందు పొట్ట చూడాలె. అది నా పని. నేను చూడలే.

"సార్, పాలిస్తున్న తల్లి ఇది" అన్న.

డాక్టర్ సార్ వచ్చి చూసిండు. నన్ను ఒక్క మాట అనలే. అనుంటే బాగుండు అనిపించింది.

"మత్తు ఎట్లాగూ ఇచ్చినం అంజయ్యా. ఇప్పుడు ఇడిస్తే ఇది మళ్ళ ట్రాప్‌ల పడది. పొట్ట కింద కోస్తే పిల్లలు పాలు తాగనీకె కాదు. పక్కకెళ్ళి చేస్త." దాన్ని ఫ్లాంక్ అంటరు, డొక్క దగ్గర కోసుడు. "సాయంత్రానికి తల్లి లేస్తది. నువ్వు పోయి పిల్లలేడున్నయో చూడు."

టీచర్‌ను స్కూటర్ మీద ఎక్కించుకొని ఫ్యాక్టరీకి పోయిన. దారి పొడుగున ఆమె ఒక్కటే మాట. "నేను అడగాల్సింది అన్నా, నేను చూడాల్సింది." తప్పు నాదని చెప్పినా ఇనలే.

క్యాంటీన్ వెనక వెతికినం, కట్టెల కింద వెతికినం. యాడ లేవు. ఆఖరికి ప్యాకింగ్ షెడ్డుల పనిచేసే ఒక బిహారీ ఆయన చెప్పిండు. "వో భూరీ బిల్లీ? రోజ్ ఇధర్ ఆతీ హై." ఆ బూడిద పిల్లి రోజూ ఇటే వస్తదట. చేయి చూపెట్టిన దిక్కు చెక్కపీచు కుప్ప ఉన్నది. యంత్రాల చుట్టు కూరేటి మెత్తటి పీచు అది. కుప్ప సగం అయిపోయింది, మిగిలిన సగం తిరగేసినా పిల్లలు లేవు.

షెడ్డు సూపర్‌వైజర్ మల్లేశం. ఇస్మాయిల్‌ఖాన్‌పేట మనిషి. మేము అడగంగనే ఆయన మొఖం మారింది.

"పొద్దుగాల్నించి అదే పీచు పెట్టెలల్ల నింపుతున్నం అన్నా. ఆరు పెట్టెలకు మేకులు కొట్టినం. లారీల ఎక్కినయి గూడ. పన్నెండింటికి బండి పోవాలె."

పదకొండుంబావు అయింది. ఆరు పెట్టెలు ఇప్పుతే బండి పోదు. చెవి పెట్టి ఇందామంటే షెడ్డుల గాలి కొట్టే మిషన్, కంప్రెసర్ మోతల మనిషి మాటే ఇనపడ్తలేదు.

"అయిదు నిమిషాలు ఆ కంప్రెసర్ బంద్ చేయిస్తరా?" టీచర్ అడిగింది.

"పై సార్లకు తెలిస్తే పరేషాన్ అయితది మేడం."

"పెట్టెల పసికూనలున్నయి మల్లేశం గారూ. ఈ ఎండల లారీల పోతే సాయంత్రం దాక బతకయి."

మల్లేశం తనే పోయి స్విచ్ తీసిండు.

అందరం లారీ ఎక్కి, పెట్టెలకు చెవులు ఆనిచ్చినం. నా పెట్టెల ఏమీ లేదు. పక్కదాంట్లనూ లేదు. బిహారీ ఆయన చెయ్యి లేపిండు. "ఇధర్!" పోయి ఇన్న. సన్నగ, గొంతు తడారినట్టు ఒక కూత.

మల్లేశమే మేకులు పీకిండు, పెట్టె చెక్క పగలకుంట మెల్లగ. ఇనుప యంత్రం పక్కన, పీచు నడుమ మూడు పిల్లలు. కండ్లు తెరిచి వారమై ఉంటది. ఒకటి నా వేలు నోట్ల పెట్టుకొని గుంజింది. టీచర్ లారీ అంచు మీద కూలబడి పైట కొంగుతోని కండ్లు తుడుచుకున్నది. మల్లేశం మాత్రం "జల్దీ, జల్దీ" అనుకుంట పెట్టె మళ్ళ బిగించిండు. బండి పావుగంట లేటుగ పోయింది. ఎవలూ ఏమీ అడగలేదు.

అయినా నాకు భయం పోలే. మత్తు దిగినంక తల్లి దగ్గరికి తీస్తదా? సాయంత్రం అయిదుకు పిల్లలను గుడ్డల చుట్టి దాని బోనుల పెట్టినం. తల తూలుతున్నది. ఒక్కొక్కదాన్ని వాసన చూసింది. ఉస్సుమంటే పిల్లలను తీసేద్దామని నేను బోను తలుపు పట్టుకునే ఉన్న. అది కుట్లు పైకి వచ్చేటట్టు ఇంకో పక్కకు ఒరిగి పడుకున్నది. మూడూ ఎగబడ్డయి. పొద్దుగాల్నించి గట్టిగున్న నా భుజాలు అప్పుడు దిగినయి.

తెల్లారి నేను కేసు కార్డు మీద మొదటి వరుసల కొత్తగ రాసిన: "పాలున్నయా?" పేరుకంటె ముందు, బరువుకంటె ముందు. ఇప్పటికీ ట్రాప్ ఎత్తి కిందికెళ్ళి పొట్ట చూడంది సూది ముట్ట. తడి కనిపిస్తే టీచర్‌కు చెప్త, ఇంకా నెల ఆగుదామని. అంత కష్టపడి పట్టిన పిల్లిని ఇడిసిపెట్టమన్నందుకు ఆమె ఒక్కనాడు కోపం చెయ్యలే. పిల్లలు యాడున్నయో చూసొద్దాం పా అంటది, అంతే. ఇద్దరం పోతం.