గాజుల మీద కట్టిన స్ప్లింట్

1990ల్లో మా పెద్దమ్మా పెదనాన్నా రేపల్లెలో ఒక వృద్ధాశ్రమంలో ఉండేవారు. పిల్లల్లేరు. నేను తెనాలిలో టీచర్ని. ఆదివారం ఆదివారం రేపల్లె ప్యాసింజరెక్కి వెళ్ళి చూసొచ్చేదాన్ని. పెద్దమ్మకి పక్షవాతం వచ్చి ఎడమచేతికి స్పర్శ పోయింది. వేళ్ళు అరచేతిలోకి ముడుచుకోవడం మొదలైంది. ఇలాగే వదిలేస్తే పిడికిలి ఇక తెరుచుకోదని, వేళ్ళు చాపి ఉంచడానికి తెనాలి డాక్టరుగారు ప్లాస్టిక్ స్ప్లింట్ చేయించి ఇచ్చారు.

ఎంత వివరంగా చెప్పారో ఆయన! రెండు గంటలు కట్టాలి, విప్పాలి, చెయ్యి కడిగి ఆరనివ్వాలి, ఎక్కడైనా ఎర్రబడిందేమో చూడాలి. ఎరుపు తగ్గకపోతే మళ్ళీ కట్టకూడదు. "ఆవిడకి నొప్పి తెలీదమ్మా, మీరే కళ్ళతో చూసుకోవాలి" అన్నారు. స్ప్లింట్ కింద ఏమీ ఉండకూడదని ఆ చేతి మట్టిగాజులు నా చేతే తీయించారు. ఆశ్రమంలో ఆయాకి ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. "అలాగేనండి" అంది.

మరుసటి ఆదివారం వెళ్ళేసరికి పెద్దమ్మ చెయ్యి కంపు కొడుతోంది. పట్టీలు విప్పితే కింద కొత్త గాజులు! రెండు చిట్లి మణికట్టులోకి దిగిపోయాయి. చుట్టూ చీము. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయాని పిలిచి నిలదీశాను.

"ఏంటమ్మా ఇది? రోజూ విప్పి చూడమన్నానా లేదా?"

"విప్పేటప్పుడు గాజులు చిట్లితే పెద్దాయన ఊరుకోరండి. గాజులావిడొస్తే ఆయనే తొడిగించారండి. నేనేం చేసేదండి?"

పక్కనే కుర్చీలో పెదనాన్న. రవ్వంత జంకు లేదు. "నేను బతికుండగా దాని చెయ్యి బోసిగా ఉంటే చూసేవాళ్ళేమనుకుంటారు? నేను పోయాననుకోరూ?"

"ఎవరు పెదనాన్నా చూసేవాళ్ళు? ఈ గదిలో ఎవరున్నారు? కుడిచేతినిండా గాజులున్నాయిగా, చాలవా మీ ఆయుష్షుకి?" అని అరిచాను. పెద్దవాళ్ళని అలా అనకూడదట. ఎందుకనకూడదు?

"ఆయన్నేమీ అనకే. వద్దని నేనూ అనలేదు" అంది పెద్దమ్మ మెల్లగా. ఆవిడ మీదా ఒళ్ళు మండింది నాకు. చెయ్యి ఎవరిది మరి?

పుండు మానేదాకా స్ప్లింట్ కట్టడానికి వీల్లేకపోయింది. వానాకాలమంతా పట్టింది మానడానికి. ఈలోగా వేళ్ళు ముడుచుకుని బిగుసుకుపోయాయి. పెద్దవాళ్ళిద్దర్నీ తెనాలి తీసుకెళితే డాక్టరుగారు ఒక్కో వేలూ తెరవాలని చూసి వదిలేశారు.

"ఇక స్ప్లింట్ కట్టి లాభం లేదమ్మా."

వెనకనుంచి పెదనాన్న ఆశగా అడిగారు. "అయితే ఇంక గాజులు తొడగొచ్చాండి?"

నేను ఊరుకోలేదు. పెద్దమ్మ పిడికిలి పట్టుకుని ఆయన మొహం ముందు పెట్టాను.

"తొడగండి. దీనికి ఏ గాజు ఎక్కుతుందో మీరే ఎక్కించండి, పెదనాన్నా!"