ఇంకా కబురు పంపని వియ్యంకుడి కారు వెనక

మా తాటిపాక మీదుగా కాకినాడ పోయే రోడ్డుని ఇప్పుడు జాతీయ రహదారి అంటున్నారు. నా చిన్నతనంలో దానికి జాతీ లేదు, హోదా లేదు. ఒట్టి దారి. కాలవ గట్టు ఎటు వంగితే అటు వంగేది. ఎదురుగా బస్సొస్తే రెండు బస్సులూ గట్టు అంచున ఒకదాన్నొకటి రాసుకుంటూ ఆగేవి. డ్రైవర్లిద్దరూ కిటికీల్లోంచి ఇంటిల్లిపాది క్షేమమూ కనుక్కున్నాకే కదిలేవారు. గోదావరి పాయ అడ్డొస్తే పంటు ఎక్కాలి. పంటు అవతలి ఒడ్డున ఉంటే అది తిరిగొచ్చేదాకా గట్టున కూర్చోవాలి. అయినా ఎవరికీ ఆలస్యమయ్యేది కాదు. టైము చెప్పుకుని ఎవరు బయల్దేరారు గనక?

తరవాత వంతెనలొచ్చాయి. కొబ్బరిచెట్లు రెండు వరసలు పోయి, వాటి చోట తెల్లగీతలొచ్చాయి. గ్యాస్ ట్యాంకర్లు, రొయ్యల మేత వ్యాన్లు, కాలేజీ బస్సులు, కొబ్బరికాయల లారీలు అన్నీ ఆ గీతల మధ్యే. రోడ్డుకి వేగం వచ్చింది గానీ మాకు మర్యాద పోలేదు. ఆ రెండింటి మధ్య నేను ఇరుక్కున్న ఉదయం గురించే ఈ నాలుగు ముక్కలు.

మా అమ్మాయికి కాకినాడలో ఒక కాలేజీలో లెక్చరరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. పది దాటితే లోపలికి రానివ్వరట. తెల్లారుతూనే బయల్దేరాం. స్టీరింగు దగ్గర నేను, పక్కన అమ్మాయి, వెనక మా ఆవిడ. నేను రిటైరయ్యాక కారు నేర్చుకున్నవాణ్ణి. నాకు డ్రైవింగు వచ్చని రవాణాశాఖ ఒప్పుకుంది గానీ మా ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోలేదు.

పాశర్లపూడి వంతెన దిగగానే ముందు ఒక పాత నీలం కారు కనిపించింది. ఎడ్లబండికి పెద్దన్నయ్యలా పోతోంది. దాటేద్దామని కుడివైపు ఇండికేటరు వేశానో లేదో, వెనకనుంచి మా ఆవిడ నా భుజం పట్టుకుంది.

"ఏవండీ! ఆగండాగండి. ఆ కారు వాళ్ళదేనండీ!"

వాళ్ళంటే, వారం క్రితం మా అమ్మాయిని చూసుకుని వెళ్ళిన అబ్బాయి తండ్రి. "కబురు చేస్తామండీ" అని లేచారు. ఆ కబురు ఇంకా రాలేదు. అబ్బాయి నచ్చాడని అమ్మాయి మాతో అనలేదు గానీ, ఆ పూట రెండోసారి కాఫీ ఎవరూ అడక్కుండానే తెచ్చింది.

"అయితే ఏంటమ్మా? దాటెయ్యండి నాన్నా," అంది అమ్మాయి.

"మగపెళ్ళివారిని దాటిపోతామా? ఎంత పొగరో అనుకోరూ?"

"పోనీ హారన్ కొట్టండి."

"హారనా! కాబోయే మావగారి వెనకాల!"

బండి తీయడమే సరిగా రానివాణ్ణి, ఓవర్‌టేక్ చేయమంటే ఎక్కడ చేస్తాను? ఇండికేటరు ఆపేశాను. ఆయన వేగం తగ్గించినప్పుడల్లా నేనూ తగ్గించాను. మధ్య మధ్య ఆయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపేవారు. ఎంత కలుపుగోలు మనిషో అనుకుని నేనూ ఊపేవాణ్ణి. అమ్మాయి మాత్రం గడియారం చూసుకుని, నన్ను చూసి, మళ్ళీ గడియారమే నయమన్నట్టు దాన్నే చూసేది.

అమలాపురం ఎర్రవంతెన దగ్గర ట్రాఫిక్ మొత్తం నిలిచిపోయింది. అమ్మాయి ఇంక ఆగలేదు. తలుపు తీసుకుని దిగి, తిన్నగా నీలం కారు దగ్గరకెళ్ళింది.

"అంకుల్, నమస్తే. కాకినాడలో పదింటికి నాకు ఇంటర్వ్యూ. కొంచెం దారిస్తారా?"

ఆయన కంగారుగా కారు దిగారు. అంతటి మనిషి రోడ్డు మీద నిలబడితే నేను సీట్లో కూర్చోగలనా? నేనూ దిగాను.

"అయ్యో, అప్పట్నుంచీ ముందుకెళ్ళండని చెయ్యి ఊపుతున్నానండీ. మీరేమో తిరిగి టాటా చెప్తన్నారు!"

"ఆయ్... మరి తమరు ముందుండగా..."

"మీ కారు పాశర్లపూడి వంతెన దగ్గరే చూసేనండి. కబురు చెప్తామని వచ్చేసేం, చెప్పలేదు. ఇప్పుడు స్పీడుగా పోతే మొహం చాటేసేననుకుంటారని నెమ్మదిగా వెళ్తున్నానండి. మీరు ముందు పదండి."

"అబ్బే, తమరే ముందు."

"ఆడపిల్ల పనండీ, మీరే ముందు."

ఈలోగా ముందు దారి ఖాళీ అయింది. మా వెనక కొబ్బరికాయల లారీ డ్రైవరు తల బయటపెట్టాడు.

"ఏమండీ బాబూ! ఎదురుకోలు రోడ్డు మీదే కానిచ్చేత్తారా? నా కాయలు మొలకలొచ్చేత్తన్నాయండీ!"

అమ్మాయి నా చేతిలో తాళాలు తీసుకుంది. "నాన్నా, మీరటు కూర్చోండి."

కూర్చున్నాను. అది నాకంటే బాగా నడుపుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు, కానీ నన్నెవరూ అడగలేదు. కారు ఒక్క ఊపులో కుడివైపుకి వచ్చి నీలం కారు పక్కకి చేరింది. మగపెళ్ళివారిని దాటేస్తున్నామన్న బెంగతో, చేతులకి వేరే పని లేదు గనక, కిటికీలోంచి రెండు చేతులూ బయటపెట్టి నమస్కారం చేస్తూ దాటాను.

ఆయన తన కారెక్కబోతూ ఆగి, గొంతెత్తి అన్నారు. "బావగారూ! అమ్మాయిని కంగారు పెట్టకండి! టైముకే చేరిపోతారు!"

వెనకసీట్లోంచి మా ఆవిడ ముందుకి వంగింది. "ఏవండీ, విన్నారా? బావగారూ అన్నారు."

"విన్నాను."

"అంటే కబురు చెప్పేసినట్టేగా?"

నా చేతులు కిటికీ బయట నమస్కారంలోనే ఉండిపోయాయి.

అమ్మాయి ముఖంలో ఒక నవ్వు వచ్చి, గేరు మార్చేలోగా దాక్కుంది.

"నాన్నా, ఇంక చేతులు లోపల పెట్టండి. ఎడంవైపు అద్దం కనపడట్లేదు."