ముత్తాత సందూకులో ఆఫ్రికా ఒడ్డు

సందూకు పెట్టె అడుగున ముత్తాత రాసిన ఉర్దూ పుస్తకం దొరికింది. నిండా రంగుల బొమ్మలు, వంకర గీతలు. నిజాం కాలపు పట్టాలు ఉర్దూలోనే ఉండేవి కాబట్టి, పాత ఉర్దూ కాగితం కనబడితే మావాళ్లకు అది భూమి కాగితమే. ఏళ్లుగా మాటల్లేని పెదనాయన, చిన్నాయన ఈ రోజు ఒకే ఆటోలో నన్నూ ఎక్కించుకుని కొత్తకోటలో ఉర్దూ సారు ఇంటికి వచ్చారు.

సారు పేజీలు తిప్పి నవ్వాడు. "గిది భూమి నక్ష గాదు పటేలా. ఆఫ్రికా సముద్రపు ఒడ్డు. మీ తాత ఓడల తిరుక్కుంట గీసిండు."

పెదనాయన తగ్గలేదు. "గా ఒడ్డు పట్టా ఎవరి పేరున ఉన్నదో జర సూడుండ్రి సారూ!"

ఎవరి పేరునా లేదు. అన్నదమ్ములు పుస్తకాన్ని నా చేతిలో పడేసి చెరో ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

భూమైతే ఆడపిల్లనని నాకు గుంట నేల కూడా ఇచ్చేవారు కాదు. సముద్రం కాబట్టి ఒడ్డంతా నాకే వదిలేశారు. మీ వాటాకు ఏమొచ్చింది, ఇది చదివే చెల్లెళ్లూ?