హాఫ్ టైమ్‌లో హెక్టర్ నడక

హెక్టర్ మోవాట్‌తో వాదించి గెలిచినవాడు మా పోర్ట్‌కెల్లన్‌లో ఇంతవరకూ పుట్టలేదు. గెలిచామని చెప్పుకునేవాళ్లు కొందరున్నారు గానీ, వాళ్లంతా విసుగెత్తి మధ్యలో లేచి ఇంటికి పోయినవాళ్లే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటాడు. నాలుగో కాలు తీసి చేతిలో పెడితే, అది కుందేలే కాదంటాడు.

ఆయన ఉద్యోగం చేసినన్నాళ్లూ హార్బరు బస్సు నడిపాడు. బస్సు ఎక్కినవాడితో మా ఊరి ఫుట్‌బాల్ జట్టు గురించి వాదన పెట్టుకుని స్టాపులు దాటించేసేవాడు. ఆయన నోటికి జడిసి, వానలో సైతం రెండు స్టాపుల ముందే దిగిపోయినవాళ్లను నేనెరుగుదును. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదయ్యా అని ఒకసారి అడిగితే, శనివారాలు ఖాళీ ఉండవన్నాడు. రిటైరయ్యాక వాదించడానికి బస్సు కూడా లేకుండా పోయింది. మిగిలింది ఆట ఉండే శనివారం ఒక్కటే. మిగతా వారమంతా దానికోసం ఎదురుచూడటమే.

నా పేరు నెట్టా. కెల్లన్ రోవర్స్ మైదానంలో మాంసం కూరి కాల్చిన పైలూ, బోవ్రిల్ అనే వేడి మాంసం రసం కప్పులూ అమ్మే బడ్డీ నాది. అభిమానుల సంఘానికి కార్యదర్శిని కూడా నేనే. ఎవరూ ఒప్పుకోని పని కనుక నా నెత్తిన పెట్టారు. క్లబ్బులో ఎక్కువ వాటా మా సంఘానిదే. అంటే ఏ గొడవ వచ్చినా చివరికి నా వంటింటి బల్ల మీదికే వస్తుంది.

మా మైదానంలో ఒక పద్ధతుంది. తాతల నాటి నుంచీ ఉన్నదే. మావాళ్లు ఏ గోలు మీద దాడి చేస్తారో మేం ఆ గోలు వెనక నిలబడతాం. హాఫ్ టైమ్‌కి జట్లు వైపులు మారతాయి కదా, మేమూ మారతాం. మొదటి సగం సమాధుల గుట్ట ఉన్న వైపు, రెండో సగం సముద్రం వైపు. ఆ పదిహేను నిమిషాల్లో ఊరు ఊరంతా గీత పక్కనున్న దారమ్మట ఆ కొస నుంచి ఈ కొసకు నడుచుకుంటూ పోతుంది. నా పైలన్నీ అమ్ముడయ్యేది అప్పుడే.

హెక్టర్ ఆ నడక ఎప్పుడూ లాచీ గెడ్డీస్‌తోనే నడిచేవాడు. లాచీ చేపలకు పొగపెట్టే షెడ్డులో పనిచేసేవాడు. వాళ్లిద్దరూ స్నేహితులని ఎవరైనా అంటే ఇద్దరికీ కోపం వచ్చేది. ఒకరి గడప ఒకరు తొక్కలేదు, ఒకరి పుట్టినరోజు ఒకరికి తెలియదు. హాఫ్ టైమ్‌లో కలుస్తారు, అటు కొస చేరేదాకా పోట్లాడుకుంటారు, చేరాక మెట్ల మీద ఆనుకునే ఇనుప కమ్మీల్లో ఎవరి కమ్మీ దగ్గరికి వాళ్లు పోతారు. ప్రతిసారీ నా బడ్డీ ముందుకు వచ్చేసరికి హెక్టర్ ఒకే మాట అనేవాడు.

"ఆట మరీ చప్పగా ఉంది కదూ."

మేం మూడు గోల్స్ ఆధిక్యంలో ఉన్నా అదే మాట. లాచీ జవాబూ మారేది కాదు.

"చప్పగా లేదు. నీ నాలుకే చచ్చింది."

అక్కణ్నుంచి మొదలు. వింటూ వింటూ నా చెవులకు కాయలు కాశాయి.

ఇంతలో కరోనా వచ్చిపడింది. మార్చిలో లీగు మధ్యలోనే ఆపేశారు. ఇంకా ఆడాల్సిన ఆటలుండగానే సగటు లెక్కలేవో తీసి, మీరే అట్టడుగు అని చెప్పి మమ్మల్ని కింది డివిజన్‌లోకి తోసేశారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. శరదృతువులో కొత్త సీజను మొదలైంది గానీ, మైదానంలోకి ఆటగాళ్లు, రెఫరీలు, పరీక్ష చేయించుకున్న సిబ్బంది తప్ప మనిషన్నవాడు రాకూడదన్నారు. మమ్మల్ని ఇళ్లలో కూర్చుని కంప్యూటర్లో చూసుకోమన్నారు. స్తంభానికి ఒక కెమెరా కట్టారు. దాని మీద ఒక సముద్రపక్షి కాపురం పెట్టింది. సగం ఆట దాని తోకే కనబడేది.

హెక్టర్ దగ్గర కంప్యూటరూ లేదు, పాడూ లేదు. నేనే శనివారం శనివారం ఫోన్ చేసి స్కోరు చెప్పేదాన్ని. వినగానే పెట్టేసేవాడు. స్కోరుతో వాదించడానికి ఏముంటుంది?

నవంబరులో ఒక శనివారం ఏం చేశాడంటే, సమాధుల గుట్ట ఎక్కి, పైన రాతిగోడ వెనక నక్కి ఆట చూశాడు. సరే, చూశాడు. అక్కడుంటే ఏ నరుడికీ కనబడడు. అలాగే ఇంకో ముప్పావుగంట కూర్చుని, చీకటి పడే వేళకి దిగి ఇంటికి పోతే నేనీ కథ చెప్పాల్సిన పనే లేదు.

కానీ హాఫ్ టైమ్ అయింది.

నా వంటింట్లో నేను చూస్తూనే ఉన్నాను. ఆ పూట పక్షి కూడా అడ్డం లేదు. కంచెలో ఉన్న సందులోంచి హెక్టర్ మైదానంలోకి వచ్చాడు. మెడలో మఫ్లరు, జేబుల్లో చేతులు. తాపీగా గీత పక్క దారి పట్టాడు. అవతలి జట్టు బెంచీ ముందునుంచి, మాస్కులేసుకుని ఎడంగా కూర్చున్న కుర్రాళ్ల మధ్యనుంచి, మూసి ఉన్న నా బడ్డీ ముందునుంచి నడిచాడు. అక్కడ లీగు పంపిన పరిశీలకుడు టీ తాగుతూ నిలబడి ఉన్నాడు. నియమాలు పాటిస్తున్నారో లేదో చూడటమే ఆయన పని. ఆయన పక్కన ఒక్క క్షణం ఆగి హెక్టర్ ఏదో అన్నాడు. ఏమన్నాడో తర్వాత ఆ పరిశీలకుడే నివేదికలో రాశాడు. ఆట మరీ చప్పగా ఉంది కదూ అన్నాడట.

తర్వాత సముద్రం వైపు పోయి తన కమ్మీకి ఆనుకుని నిలబడ్డాడు. అంత పెద్ద మెట్ల వరసలో ఒక్కడే. విచిత్రమేమిటంటే రెండో సగం మొదలై కాసేపటిదాకా మా సిబ్బందిలో ఎవరికీ తప్పు తోచలేదు. ఆ కమ్మీ దగ్గర హెక్టర్ లేకపోతే కదా వింత! చివరికి రెఫరీయే ఈల ఊది ఆట ఆపాడు. ఇద్దరు సిబ్బంది దూరం పాటిస్తూ, గొర్రెను తోలినట్టు ఆయన్ని గేటు బయటికి తోలారు. నేను తల బాదుకున్నాను. నిజంగానే బాదుకున్నాను, అల్మారా తలుపుకేసి.

లీగు నుంచి హెచ్చరిక వచ్చింది. ఆ మనిషి మీద చర్య తీసుకోండి, లేకపోతే మీ సొంత మైదానంలో ఆటలు ఆపేస్తాం అని. చైర్మన్ మర్డో కినెయిర్డ్ హెక్టర్‌ని జీవితాంతం మైదానంలోకి రానివ్వకూడదన్నాడు. నిర్ణయం మాత్రం సంఘం మీదకి తోసేశాడు. ఒక మనిషికి వారంలో ఉన్నదే ఒక్క రోజు, దాన్ని తీసేయాలా వద్దా అని మేం కంప్యూటర్ల ముందు కూర్చుని చేతులెత్తి చెప్పాలన్నమాట. కనీసం తన మాట తాను చెప్పుకుంటాడని నా పాత టాబ్లెట్ ఒకటి హెక్టర్ కిటికీ గట్టు మీద పెట్టి, ఎలా నొక్కాలో గాజు ఇవతలనుంచి అరిచి చెప్పి వచ్చాను. అలా నొక్కడం తప్పని నాతోనే వాదించాడు.

ఇక ఆ సమావేశం గురించి ఏం చెప్పను! చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. సగంమందికి మైకు తెరవడం రాదు, మిగతా సగంమందికి మూయడం రాదు. ఒకడి నెత్తి మాత్రమే కనబడుతోంది. ఎవరింట్లోనో కుక్క మొరుగుతోంది. హెక్టర్ తెర మీద ముక్కు తప్ప ఏమీ లేదు.

"హెక్టర్, కాస్త వెనక్కి జరుగు."

"నేను సరిగ్గానే ఉన్నా నెట్టా, నీ కంప్యూటరే ముందుకొచ్చింది."

మర్డో టై కట్టుకుని, వెనక చలికాచుకునే నిప్పుగూడు కనబడేలా కూర్చుని మొదలుపెట్టాడు. "మిత్రులారా, మన ముందున్నది ఒకే ఒక్క అంశం..."

అంతే. లీగు మమ్మల్ని కిందకు తోసిన సంగతి ఒకడు ఎత్తాడు. దాని మీద కోర్టుకెందుకు పోలేదని ఇంకొకడు. కొత్త చొక్కాల రంగు సముద్రంలో తేలిన నాచులా ఉందని మరొకావిడ. ఆ పక్షికి కూడా టికెట్టు కొట్టాలని ఎవడో కూశాడు. చివరికి నా పైలు ఏటేటా చిన్నవైపోతున్నాయని కూడా అన్నారు.

"నా పైలు ఈ పూట ఎజెండాలో లేవు!" అని అరిచాను. "మార్చి నుంచీ ఒక్క పై అమ్మలేదు, ఇంకా చిన్నవెక్కడయ్యాయి?"

ఆ అరుపుల మధ్య సమావేశం దానంతటదే ఆగిపోయింది. డబ్బు కట్టకుండా వాడుకుంటే అంతసేపే ఇస్తారట. అందరికీ మళ్లీ లింకు పంపాను. కెటిళ్లు పెట్టుకుని, కప్పులు పట్టుకుని ఒక్కొక్కరే తిరిగొచ్చారు.

వచ్చినవాళ్లను ఒక్కొక్కరినే చూసుకుంటూ పోయాను. ఇందాక కిటికీ ముందు కూర్చున్నావిడ ఇప్పుడు బీరువా ముందుంది. సోఫాకి ఎడమ కొసన ఉన్నవాడు కుడి కొసన ఉన్నాడు. మర్డో వెనక నిప్పుగూడు పోయి పుస్తకాల అల్మారా వచ్చింది. ఎవరూ గమనించలేదు. నేను మాత్రం వాళ్లను దులుపుదామని నోరు తెరిచి, హాఫ్ టైమ్ అయినట్టు నేను కూడా బల్లకి ఆ వైపు కూర్చుని ఉన్నానని చూసుకుని మూసుకున్నాను.

అప్పుడు లాచీ మాట్లాడాడు. ఆయన భార్యకు ఊపిరితిత్తుల జబ్బు. మార్చి నుంచీ ఆ మనిషి గడప దాటలేదు, సరుకులు కూడా మెట్ల మీద పెట్టించుకుని సబ్బుతో కడిగేవాడు. మర్డో కోరిన జీవితకాలపు నిషేధానికి సంఘంలో ప్రతిపాదన పెట్టింది ఆయనే.

"ఒరేయ్ హెక్టర్, నేను ఇంట్లో పడి కుళ్లిపోతున్నా. మా ఆవిడ దగ్గితే నాకు గుండె ఆగినంత పని అవుతోంది. నువ్వేమో షికారు కొట్టావు. నీకొక్కడికేనా ఆటంటే ఇష్టం? మేమంతా వెర్రివాళ్లమా?"

"నేనట్లా అనలేదే."

"గుట్ట మీద ఉండి ఏడవచ్చుగా! ఎవడూ చూసేవాడు కాదు. ఎందుకు దిగావు?"

"హాఫ్ టైమ్ కదా."

"హాఫ్ టైమ్ అయితే! మైదానంలో ఒక్క పురుగు లేదు. ఎవరున్నారని నడిచావురా?"

హెక్టర్ వెనక్కి జరిగాడు. మొదటిసారి ఆయన ముఖం మొత్తం కనబడింది. బాగా చిక్కిపోయాడు.

"నువ్వెక్కడన్నా నక్కి ఉంటావేమో అనుకున్నా," అన్నాడు. "పొగ షెడ్డు కప్పు మీదో, ఎక్కడో. ఉంటే హాఫ్ టైమ్‌కి ఎలాగూ దిగొస్తావు కదా. వచ్చి నేను లేకపోతే, నీ మాటే గెలిచిందనుకుంటావు."

ఇందాకటి కుక్క మొరగడం మానేసింది.

"ఆ టీ తాగే ఆయన్ని అడిగా," అన్నాడు హెక్టర్ మళ్లీ. "ఆట చప్పగా ఉంది కదూ అని. ఆయన నన్ను పిచ్చోణ్ని చూసినట్టు చూశాడు. మార్చి నుంచి మనిషన్నవాడితో నేను ఎదురుపడి అన్న మొదటి మాట అది."

నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటు ఒళ్లు మండింది కూడా. ఫోన్ పెట్టేయకుండా ఆ మాట నాతో అంటే ఏం పోయింది ఈ మొండి మనిషికి?

తెర మీద లాచీ పెదాలు ఆడుతున్నాయి. చేతులు తిప్పుతూ ఏదో గట్టిగా అంటున్నాడు. ఒక్క ముక్క వినబడటం లేదు.

"లాచీ, నీ మైకు మూసుంది!" అని నేను, "మైకు, మైకు!" అని అందరూ.

ఆయన తడుముకుని, తిట్టుకుని, భార్యను పిలిచి, ఎట్టకేలకు నొక్కాడు.

"చప్పగా లేదు అంటున్నా! నీ నాలుకే చచ్చింది!"

హెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "ఏడ్చినట్టుంది. ఆ ఎడమ డిఫెండరు పరిగెత్తాడా, పాకాడా?"

"వాడికి బంతి ఇచ్చినవాడెవడు అసలు?"

"బంతి ఇస్తే ఏం చేసుకుంటాడు, ఇంటికి పట్టుకుపోతాడా?"

మర్డో టై సర్దుకుని అడ్డొచ్చాడు. "పెద్దమనుషులూ, లాచీ పెట్టిన ప్రతిపాదన ఉన్నట్టా లేనట్టా? ఓటు పెట్టాలి."

"కాసేపు ఆగవయ్యా," అన్నాడు లాచీ, అటు చూడకుండానే. "మేమింకా సముద్రం వైపు చేరలేదు."

నేను నా మైకు మూసేసి, కెటిల్ మళ్లీ పొయ్యి మీద పెట్టి, వాళ్లు చేరేదాకా కూర్చున్నాను.