గంగన్నకో మంచివాడి కాగితం

అల్ మవాలేలో కుళాయిలు, పైపులు అమ్మే ఒక పెద్ద కొట్టు వెనక గోదాములో గంగన్న ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాడు. ఒమాన్ మొత్తంలో అతనంత నిజాయితీపరుడు ఇంకొకడు ఉండవచ్చు గానీ, నిజాయితీతో జనాన్ని అంత విసిగించేవాడు మాత్రం ఉండడు. డ్యూటీ దిగి రూముకు పోయేటప్పుడు గేటు దగ్గర ఆగి, తనంతట తానే రెండు జేబులూ బయటికి లాగి చూపిస్తాడు. కాపలా ఉండే నేపాలీ ఏనాడూ అడగలేదు. "చాలు భాయ్, పో" అని దండం పెట్టినా వినడు. నేల మీద ఒక వాషరు దొరికితే, అది ఏ డబ్బాలోదో తేలేదాకా అన్నం ముట్టడు. ఎందుకింత అతి అని రూములో అందరూ నవ్వుకునేవారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాడి సామెత వాళ్లకెవరికీ గుర్తు రాకపోవడం గంగన్న అదృష్టం. తన ఊరివాడు ఒక్కడు కూడా ఆ రూములో చేరకుండా అతను ముందునుంచీ జాగ్రత్తపడ్డాడు.

ఒకరోజు కొట్టు యజమాని సలీం పిలిచి, చాయ్ తాగించి, తనకు వచ్చిన హిందీలో చల్లగా చెప్పాడు. "గంగా, ఖురియాత్‌లో కొత్త స్టోరు తెరుస్తున్నా. దానికి నువ్వే ఇన్‌చార్జివి, తాళంచెవులు నీ దగ్గరే ఉంటాయి. రూము కూడా వేరే ఇస్తా. ఫ్యామిలీ వీసా పెడదాం, నీ భార్యను తెచ్చుకో."

గంగన్న మనసులోనే లెక్కలు వేసుకున్నాడు. పెళ్లయిన పదహారేళ్లలో సునీతతో కలిసి ఉన్న రోజులన్నీ పోగేసినా రెండేళ్లు కావు. ఇక ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని తినవచ్చు. ఆ సంతోషంలో ఉండగానే సలీం ఇంకో ముక్క అన్నాడు.

"ఇండియా నుంచి పోలీసు కాగితం ఒకటి తెప్పించు. నీ మీద ఏ కేసూ లేదని. మామూలు పనేలే."

దొంగకు తేలు కుట్టినట్టయింది. "జీ అర్బాబ్" అని యజమానికి తలూపి, మిగిలిన చాయ్ తాగకుండానే బయటికొచ్చాడు.

సంగతేమిటంటే, నిర్మల్ దగ్గరి తన ఊళ్లో పదహారేళ్ల వయసులో గంగన్న ఒక పొట్టేలును దొంగిలించాడు. అది ఎదురింటి చిన్నవ్వది. ఆమె మొగుడు పోయాక మిగిలిన ఆస్తి అదొక్కటే. ఇద్దరు దోస్తులతో కలిసి దాన్ని గోదావరి ఒడ్డుకు తోలుకుపోయి కోశాడు. అంతవరకు అందరు దొంగలూ చేసేదే. ఆ తర్వాత చేసిన పని మాత్రం గంగన్న ఒక్కడే చేయగలడు. ఆ వాడలో యాటను కోస్తే మాంసం పోగులు పెట్టి, ఇరుగు పొరుగుకు ఒక్కో పోగు పంపకుండా తినే అలవాటు లేదు. చేతులు వాటంతటవే పోగులు పెట్టాయి, కాళ్లు వాటంతటవే ఇల్లిల్లూ తిరిగాయి. ఆ తిరుగుడులో చిన్నవ్వ ఇంటికి కూడా ఒక పోగు ఇచ్చి వచ్చాడు. ఆమె "సల్లగుండు బిడ్డా" అని దీవించి, కమ్మగా వండుకుని తిని, గిన్నె కడిగాక పొట్టేలును వెతకబోయింది. పోగులు పంచిందెవరో వాడకంతా తెలుసు. సాయంత్రానికి గంగన్నకు ఠాణా, ఆ తర్వాత నిజామాబాదులో పిల్లలను ఉంచే హోములో రెండు నెలలు.

గంగన్న ఈ కథంతా టైపింగ్ సెంటరు సమీయుల్లాకు తలుపు వేసి మరీ చెప్పాడు. సమీయుల్లా హైదరాబాదువాడు, ఇరవై ఏళ్లుగా అందరి ఫారాలూ నింపుతూ అందరి గుట్లూ వింటున్నవాడు. దేనికీ చలించడు. పోగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు.

"నవ్వకు భాయ్, నా కొంప మునుగుతున్నది."

"అరె, ఏం మునుగది. పిల్లలప్పటి కేసు జిందగీ మొత్తం ఎంబడి రావొద్దని చట్టమే ఉన్నది. గా కాగితాలు గూడ ఉంచరు. అప్పుడు నీకెంత?"

"పదహారు."

"ఇంకేంది మరి! పోరనివి. మాఫ్!" అంటూ సమీయుల్లా పాస్‌పోర్టు తెరిచాడు. తెరిచి ఆగిపోయాడు. "ఇందుల లెక్క జూస్తే అప్పటికి నీకు ఇరవై గద భాయ్?"

అదీ అసలు చిక్కు. పద్దెనిమిదేళ్లకు గంగన్నను గల్ఫు ఎక్కించిన ఏజెంటు, చిన్నవాళ్లకు వీసా రాదని చెప్పి పాస్‌పోర్టులో నాలుగేళ్లు ఎక్కువ రాయించాడు. ఆ రోజుల్లో ఆ ఊళ్లో చాలామంది అలా ఎక్కినవాళ్లే. కాగితం మీద తమ్ముడు అన్నకన్నా పెద్దవాడైపోయిన ఇళ్లు కూడా ఉన్నాయి. బడి రిజిస్టరు ప్రకారం గంగన్న చిన్నపిల్లవాడు, అతని తప్పు మాఫీ. పాస్‌పోర్టు ప్రకారం మీసాలొచ్చిన దొంగ. పాత తప్పు చెరగాలంటే అసలు వయసు చెప్పాలి, అసలు వయసు చెబితే కొత్త తప్పు బయటపడుతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

"ఠాణాల కాగితం ఉండది," అన్నాడు సమీయుల్లా, ఈసారి నవ్వకుండా. "ఎంక్వైరీకి ఊళ్లెకు పోలీసాయన వస్తడు, ఇరుగు పొరుగును అడుగుతడు. ఎవ్వరు నోరిప్పకుంటే బస్, అయిపాయె. ఎవరన్న ఇప్పితే మాత్రం తవ్వుతడు. తవ్వితే వయసు గూడ బయటికొస్తది. నీ ఎదురుగ ఎవరుంటరు?"

"చిన్నవ్వ," అన్నాడు గంగన్న ఏడుపు గొంతుతో.

కుండ మూతికి మూకుడుంది గానీ లోకం మూతికి మూకుడు లేదంటారు. చిన్నవ్వ మూతి విషయంలో అయితే ఆ ఆశే పెట్టుకోకూడదు. ఇరవై నాలుగేళ్లుగా ఆ వాడలో ఏ పెళ్లి జరిగినా, ఏ బారసాల జరిగినా ఆమె పొట్టేలు కథ చెప్పకుండా విస్తరి ముందు కూర్చోలేదు. చెప్పగా చెప్పగా ఆ పొట్టేలు దూడంత పెరిగింది, దాని కొమ్ములు రెండు చుట్లు తిరిగాయి. సునీత కొత్తకోడలుగా వచ్చిన మూడో రోజే మొత్తం కథ విన్నది. సెలవు మీద ఊరికి పోయినప్పుడల్లా గంగన్న ఎదురింటి వైపు చూడకుండా వెనక సందులోంచి తిరిగేవాడు.

ఇక తప్పదని, సునీత చేత ఫోను ఎదురింటికి పంపించాడు.

"అవ్వా, నేను గంగన్నను."

"ఎవలూ? పొట్టేలు గంగనివా?"

గంగన్న కాగితం సంగతి, ఖురియాత్ సంగతి, సునీత వీసా సంగతి అన్నీ చెప్పాడు. చిన్నవ్వ చివరిదాకా విన్నది.

"అంటె నన్ను అబద్దమాడమంటవు."

"అబద్దం గాదవ్వా. సర్కారే మర్సిపొమ్మన్నది. గట్ల చట్టమున్నది."

"సర్కారుకేం, మర్సిపోతది. పొట్టేలు సర్కారుదా? నాది. తౌడు పెట్టి, బెల్లం పెట్టి సాదుకున్న. నా పొట్టేలును తింటివి. గిప్పుడు నా ముచ్చట గూడ గుంజుకుంటవా?"

గంగన్న ఠాణాకు జవాబు చెప్పాడు, హోములో శిక్ష తిన్నాడు, ఇరవై రెండేళ్లు గేటు కాపలావాడికి జేబులు చూపించాడు. ఆ ముసలామెకు మాత్రం ఒక్క మాట చెప్పలేదు.

"తప్పయింది అవ్వా," అన్నాడు. "పోగు తెచ్చిచ్చిన నాడు నన్ను సల్లగుండు బిడ్డా అంటివి. గా మాట ఇప్పటికి నన్ను కోస్తది. నువ్వు పోలీసాయనకు చెప్పినా సరే, చెప్పకున్నా సరే. తప్పు నాదే."

అవతల ఫోను కట్టయింది. అప్పుడు గానీ గంగన్నకు తను చేసిన ఘనకార్యం తెలిసి రాలేదు. చెప్పొద్దని బతిమాలడానికి ఫోను చేసినవాడు, చెప్పినా సరేనని మాటిచ్చేశాడు. పోగు బుద్ధి ఎక్కడికి పోతుంది!

మంగళవారం ఉదయం కానిస్టేబులు భూమేశ్ వాడకు వచ్చాడు. సునీత మొగుడికి ఫోను కలిపి కొంగు చాటున పెట్టుకుంది. ఇక్కడ మవాలేలో గంగన్న పైపుల మధ్య కూలబడి ఫోను చెవికి ఆనించాడు. సునీత గాజుల చప్పుడు, కోళ్ల అరుపులు, ఆ తర్వాత భూమేశ్ గొంతు.

"గంగన్న ఎసొంటోడు అవ్వా? పొట్టేలు ముచ్చటేందో ఒకటున్నదట గద?"

"పొట్టేలా?" అంది చిన్నవ్వ, గట్టిగా ఊపిరి తీసుకుని. ఆ ఊపిరి గంగన్నకు తెలుసు. కథ మొదలుపెట్టేటప్పుడు తీసే ఊపిరి అది. ఖురియాత్ స్టోరు, వేరే రూము, సునీత వీసా, అన్నీ పోయాయని కళ్లు మూసుకున్నాడు.

"ఉండె సారూ, దుక్కలెక్క ఉండె. ఒకనాడు మేతకు పోయి తప్పిపోయింది. మల్ల రాలే."

"గంతేనా?"

"గంతే. గంగన్న మంచోడు. ఏలుముద్ర ఏడ పెట్టాల్నో సూపెట్టు."

కాగితం పదిహేను రోజుల తర్వాత ఏ మచ్చా లేకుండా వచ్చింది. గంగన్న ఏడ్చింది మాత్రం ఆ రోజు కాదు. భూమేశ్ బండి చప్పుడు ఇంకా వినబడుతుండగానే, పైపుల మధ్య, పిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. అవతల చిన్నవ్వ సునీత కొంగులోంచి ఫోను లాక్కుంది.

"ఓరి గంగా, ఇన్నవా? ఇన్నేండ్ల ముచ్చట నీకిచ్చేసిన. ఇగ నా దగ్గర లేదు. నువ్వు మర్సిపోతె నా పొట్టేలు ఉన్నదని యాది జేసెటోడు ఎవ్వడుండడు."

"మర్సిపోనవ్వా," అన్నాడు గంగన్న.